బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీలో బయటి సభ్యుడి పని: నా అనుభవం

వకీలు మీద వచ్చిన ఫిర్యాదును విచారించే అధికారాన్ని చట్టం తోటి వకీళ్ల చేతికే ఇచ్చింది. 1961 నాటి న్యాయవాదుల చట్టం సెక్షన్ 9 ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ (వకీళ్ల నమోదు, క్రమశిక్షణ చూసే సంస్థ) వేసే క్రమశిక్షణ కమిటీలో ముగ్గురుంటారు. ఇద్దరిని కౌన్సిల్ తన సభ్యుల్లోంచి ఎన్నుకుంటుంది. మూడో వ్యక్తిని కౌన్సిల్‌తో సంబంధం లేని న్యాయవాదుల్లోంచి తీసుకుంటుంది. ఆ మూడో వ్యక్తినే కోఆప్టెడ్ మెంబర్, అంటే బయటి సభ్యుడు, అంటారు. పదేళ్లకు తగ్గని ప్రాక్టీసు ఉండాలి. ఇది జీతం వచ్చే ఉద్యోగం కాదు. సొంత కేసులు చూసుకుంటూ, వీలు చేసుకుని వెళ్లి చేసే పని. ముగ్గురిలో ఎవరు సీనియరైతే వాళ్లే చైర్మన్ అని చట్టం చెబుతోంది కాబట్టి, బయటినుంచి వచ్చిన మనిషే చైర్మన్ కుర్చీలో కూర్చోవాల్సి రావచ్చు. చాలామందికి ఆ సంగతి మొదటి సిట్టింగ్ రోజుదాకా తెలియదు.

కౌన్సిల్ సభ్యులు వకీళ్ల ఓట్లతో గెలిచినవాళ్లు. ఎదురుగా నిలబడ్డ వకీలు వచ్చే ఎన్నికల్లో ఓటరు, ఆయన వెనక ఆయన ఊరి బార్ అసోసియేషన్ ఉంటుంది. బయటి సభ్యుడికి ఆ బెంగ లేదు. ఈ కుర్చీకి ఉన్న అసలు విలువ అదేనని నా అభిప్రాయం. అందుకే రేపు బార్ కౌన్సిల్‌కి పోటీ చేద్దామనుకునేవాళ్లు దీనికి ఒప్పుకోకపోవడమే మేలు. ఒప్పుకున్నాక ప్రతి ఫైలులోనూ ముందు చూసుకోవాల్సింది పేర్లు: ఆ వకీలు మన ఛాంబర్‌లో పనిచేశాడా, మన జూనియర్లెవరైనా ఆయన దగ్గరున్నారా, ఆ కేసులో మనమెప్పుడైనా వకాల్తా వేశామా. ఏ ఒక్కటి ఉన్నా మొదటి వాయిదాలోనే తప్పుకుని, ఆ మాట డాకెట్‌లో (కేసు రోజువారీ నమోదులో) రాయించాలి. సగం విచారణయ్యాక తప్పుకుంటే సెక్షన్ 36ఎ ప్రకారం కొత్త కమిటీ ఆగిన చోటునుంచి కొనసాగించవచ్చు. కానీ సాక్షిని కళ్లారా చూసినవాళ్లు ఒకరు తగ్గిపోతారు.

ఫిర్యాదు నేరుగా కమిటీకి రాదు. ముందు కౌన్సిల్ చూస్తుంది. ఫిర్యాదు పిటిషన్ రూపంలో ఉండాలి, సంతకం ఉండాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ పద్ధతిలో వెరిఫికేషన్ ఉండాలి, నిర్ణీత ఫీజు కట్టాలి. తెలుగులో రాసినా చెల్లుతుంది. ఎక్కువగా లోపించేది వెరిఫికేషనే. ‘పైన రాసినవన్నీ నిజం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఏయే పేరాలు సొంతంగా తెలిసినవి, ఏవి ఇతరులు చెప్పగా నమ్మినవి అని విడదీసి రాయించాలి. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం ప్రశ్నలు వేసేటప్పుడు, ఫిర్యాదుదారు మొదట చిక్కుకునేది అక్కడే.

ఆ తర్వాత చూడాల్సింది వకీలు ఏ రోల్‌లో, అంటే ఏ రాష్ట్ర వకీళ్ల జాబితాలో, ఉన్నారన్నది. వకీలు పేరు ఏ రాష్ట్ర రోల్‌లో ఉందో ఆ రాష్ట్ర కౌన్సిల్‌కే అధికారం. విభజనకు ముందు ఎన్‌రోల్ అయినవాళ్ల నంబర్లన్నీ ఏపీవే కాబట్టి నంబరు చూసి ఊహించకూడదు. పేరు ఇప్పుడు అమరావతి వైపు రోల్‌లో ఉందా, హైదరాబాద్ వైపు రోల్‌లో ఉందా అని కౌన్సిల్ ఆఫీసునుంచి రాతపూర్వకంగా తెప్పించి ఫైలులో పెట్టాలి. ఇది ముందే తేల్చకపోతే ఆర్నెల్ల తర్వాత మొదటి అభ్యంతరంగా వస్తుంది.

సెక్షన్ 35లో వకీలు దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని ‘నమ్మడానికి కారణం ఉంటే’ కమిటీకి పంపాలి అని ఉంది. 1980లోనే గుజరాత్ కేసొకటి తేలుస్తూ సుప్రీంకోర్టు, కౌన్సిల్ తపాలా ఆఫీసులా ఫిర్యాదులు పంపేయకూడదు, మనసు పెట్టి చూశాకే పంపాలి అన్న అర్థంలో చెప్పింది. కాబట్టి ఫైలు అందగానే కౌన్సిల్ తీర్మానం చదవాలి. ‘కమిటీకి నివేదించడమైనది’ అన్న ఒక్క వాక్యమే ఉంటే ఆ కేసుకు పునాది బలహీనమన్నమాట. ఎదుటి పక్షం వకీలు మీద వేసే ఫిర్యాదుల్లో ఇది మరీ ముఖ్యం. సివిల్ దావాలో ఓడిపోయినవాళ్లు, భార్యాభర్తల కేసుల్లో కోపం మీదున్నవాళ్లు తమ వకీలును వదిలి అవతలి వకీలు మీద పడతారు. 2025లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఇలాంటి కేసులో సుప్రీంకోర్టు ఫిర్యాదును కొట్టేయడమే కాక, బార్ కౌన్సిల్ మీదే 50,000 రూపాయల ఖర్చులు వేసింది. అలాగని అవతలి వకీలు ఏం చేసినా చెల్లుతుందని కాదు. దొంగ డాక్యుమెంటు సృష్టించాడనో, కోర్టును మోసం చేశాడనో చూపే కాగితం ఉంటే చూడాల్సిందే. ‘మా ఆవిణ్ణి క్రాస్‌లో అవమానించాడు’ అన్నది మాత్రం ఆ కోర్టులో అప్పుడే చెప్పుకోవాల్సిన మాట.

తప్పుకీ దుష్ప్రవర్తనకీ మధ్య గీత గీయడం ఈ పనిలో కష్టమైన భాగం. వాయిదా మరిచిపోయాడు, కేసు డిఫాల్ట్‌కి పోయింది, అంటే ఎవరూ రాలేదని కోర్టు కొట్టేసింది. ఇది నిర్లక్ష్యం. దురుద్దేశం లేని ఉత్త పొరపాటు, తప్పుడు సలహా దుష్ప్రవర్తన కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అదే వకీలు కేసు పోయిన సంగతి దాచి, మూడేళ్లపాటు ‘వాయిదా పడింది’ అని చెబుతూ ఫీజు తీసుకుంటే సంగతి మారిపోతుంది. అసలు దావాయే వేయకుండా కోర్టు ఫీజు పేరుతో డబ్బు తీసుకోవడం ఇంకో రకం. దీన్ని తేల్చడం ఇప్పుడు సులువైంది. వేసిన ప్రతి కేసుకీ కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుంటుంది. వకీలు చెప్పిన నంబరు కొట్టి చూస్తే ఫైలింగ్ తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ప్రతి వాయిదాలో ఏం జరిగిందీ వచ్చేస్తుంది. ఫైలింగ్‌కీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య నెలలు గడిచి ఉంటే, ఆఫీసు అభ్యంతరాలతో కట్ట వెనక్కి వచ్చిందా, వస్తే సరిచేసి మళ్లీ ఎప్పుడు వేశారు అని అడగాలి. అక్కడ వకీలు పక్షాన నిజమైన జవాబు ఉండటమూ కద్దు. కక్షిదారు వారసుల సర్టిఫికెట్ తేలేదు, చిరునామాలు ఇవ్వలేదు, అందుకే ఆగింది అంటాడు. ఆ మాటకు వాట్సాప్ మెసేజో ఉత్తరమో తోడుందా అన్నదే ప్రశ్న.

డబ్బు ఫిర్యాదులకు వచ్చేసరికి ఒకే ఒక్క పనిముట్టు: తేదీల పట్టిక. మోటారు ప్రమాదాల పరిహారం కేసు తీసుకుంటే ఆ పట్టికలో ఇవి ఉండాలి. అవార్డు (పరిహారం తీర్పు) తేదీ. బీమా కంపెనీ సొమ్ము జమ చేసిన తేదీ. సొమ్ము ఇవ్వమని చెక్ పిటిషన్ వేసిన తేదీ, దాని మీద ఎవరి సంతకముంది. సొమ్ము ఏ బ్యాంకు ఖాతాకు వెళ్లింది. ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, దరఖాస్తులో ఫోన్ నంబరు ఎవరిది. ఆ తర్వాత డ్రా చేసిన తేదీలు, ఒక్కో మొత్తం, నగదా బదిలీయా. ఖాతా కోర్టు పక్క బ్రాంచిలో ఉండి, ఫోన్ నంబరు వకీలు గుమస్తాదై, సొమ్ము పడిన రెండు రోజుల్లో విత్‌డ్రాయల్ స్లిప్పుల మీద ఖాళీ అయితే ఇక మాటలతో పెద్దగా పనుండదు. సంతకాలు కక్షిదారువే అయి ఉంటాయి. వకాల్తా రోజున తెల్లకాగితాలు, స్లిప్పులు, చెక్కులు కలిపి పెట్టించుకున్నవి. అందుకే ‘సంతకం నీదేనా?’ అని అడిగి ఊరుకోకూడదు. స్లిప్పులోని అంకెలు, తేదీ ఎవరి రాత, సంతకం సిరా, రాత సిరా ఒకటేనా, ఆ రోజు కక్షిదారు ఎక్కడున్నారు అని అడగాలి. ఉపాధి హామీ మస్టర్‌లో అదే రోజు ఊళ్లో హాజరు పడి ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. మైనర్ల వాటా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉందో, దాని మీద అప్పు తీశారో కూడా చూడాలి. అది ఫిర్యాదుదారుకి తట్టదు. భూసేకరణ పరిహారం కేసుల్లోనూ ఇదే పట్టిక, కొద్ది మార్పులతో.

వకీలు పక్షాన సాధారణంగా వచ్చే జవాబు ‘అది నా ఫీజు’ అని. రాష్ట్ర కౌన్సిళ్ల పైన ఉండే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఇక్కడ స్పష్టంగా ఉన్నాయి. కక్షిదారు సొమ్ముకు లెక్క రాయాలి. వచ్చిన సొమ్ము సంగతి వీలైనంత త్వరగా తెలపాలి. అడిగితే లెక్క ప్రతి ఇవ్వాలి. తన దగ్గరున్న కక్షిదారు సొమ్మును అప్పుగా మార్చుకోకూడదు. వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదు. కాబట్టి ‘ఇరవై శాతానికి ఒప్పుకున్నారు సార్’ అని సమర్థించుకోబోయిన వకీలు ఇంకో ఉల్లంఘనను ఒప్పుకున్నట్టే. అలా వచ్చిన మాటను వదలకుండా నమోదు చేయాలి, కానీ దాని మీద చర్య తీసుకోవాలంటే ఆ ఆరోపణకూ నోటీసిచ్చి జవాబు వినాలి. ఇది చేయని ఆర్డర్లు అప్పీలులో నిలబడవు.

ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఇవ్వకపోవడం ఇంకో పెద్ద రకం. దీని మీద సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది: ఫీజు రాలేదని ఫైలు పట్టి ఉంచే హక్కు వకీలుకు లేదు, ఫీజు కోసం వేరే దారి చూసుకోవాలి. ఇలాంటి ఫిర్యాదుల్లో నోటీసు అందగానే కట్ట తిరిగిచ్చేసే వకీళ్లు చాలామంది. అది మంచిదే. కానీ కట్ట ఇవ్వకపోవడం వల్ల అప్పీలు గడువు దాటిందా అన్నది మాత్రం చూడాలి, శిక్ష తూకం దాని మీదే ఉంటుంది.

నోటీసులు చిన్న విషయంలా కనిపిస్తాయి, ఫైళ్లు ఆగేది మాత్రం ఇక్కడే. వకీలు చిరునామా రోల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నాటిది ఉంటుంది. ‘డోర్ లాక్’, ‘లెఫ్ట్’ అని కవరు తిరిగొస్తుంది. రోల్ చిరునామాతో పాటు, ఆయన ప్రాక్టీసు చేసే బార్ అసోసియేషన్‌కి, ఇటీవలి వకాల్తాలో ఉన్న చిరునామాకి ఒకేసారి పంపిస్తే ఒక వాయిదా మిగులుతుంది. దొరక్కపోతే సివిల్ కోర్టులాగే ప్రత్యామ్నాయ సర్వీసుకు (నోటీసు వేరే పద్ధతిలో అందించడానికి) ఆర్డర్ వేయొచ్చు. అది వేశాక కూడా రాకపోతే ఎక్స్‌పార్టే, అంటే ఆయన లేకుండానే విచారణ. ఎక్స్‌పార్టే అంటే ఫిర్యాదు రుజువైనట్టు కాదు. ఫిర్యాదుదారు అఫిడవిట్, కాగితాలు చూసి కారణాలు రాయాల్సిందే. ఇంకో నోటీసు రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్‌కి (ఏజీ) వెళ్లాలి. సెక్షన్ 35(2)లో ఆ మాట ఉంది. ఆ ఆఫీసునుంచి ఎవరూ రాకపోయినా నోటీసు పంపినట్టు రసీదు ఫైలులో ఉండాలి. సెక్షన్ 37 కింద ఏజీకి అప్పీలు హక్కు కూడా ఉంది. ఆ హక్కు 1973 సవరణతో వచ్చింది, అంతకు ముందు లేదని సుప్రీంకోర్టు తీర్పు.

రాజీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నోటీసు అందిన వకీలు మొదట చేసే పని ఫిర్యాదుదారు ఇంటికి పెద్దమనుషుల్ని పంపడం. తర్వాతి వాయిదాకి ఫిర్యాదుదారు వచ్చి, ‘డబ్బులు ముట్టాయండీ, నాకిక కేసు వద్దు’ అంటారు. చేతిలో మెమో ఉంటుంది. సభ్యులకీ అది హాయిగానే ఉంటుంది, ఫైలు మూసేయొచ్చు. కానీ నియమాల్లో చాలా స్పష్టంగా ఉంది: ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారనో, రాజీపడ్డారనో, నడపడం ఇష్టం లేదనో, ఆ ఒక్క కారణంతో కేసు ముగించకూడదు. ఎందుకంటే ఇది ఇద్దరి మధ్య తగాదా కాదు. అదే వకీలు దగ్గర ఇంకా వందమంది వకాల్తాలున్నాయి. ఆచరణలో మేం చేసేది ఇది. రాజీ మెమో రాగానే ఫిర్యాదుదారును ప్రమాణం మీద పరీక్షిస్తాం: ఎంత ముట్టింది, ఎప్పుడు, ఎవరిచ్చారు, ఏ రూపంలో. ఈ జవాబులే చాలాసార్లు ఆరోపణకు బలమైన రుజువవుతాయి, అంతకుముందు ‘ఒక్క పైసా తీసుకోలేదు’ అని జవాబులో రాసిన వకీలు ఇప్పుడు తిరిగిచ్చాడు కాబట్టి. సొమ్ము తిరిగివ్వడం శిక్ష తగ్గించడానికి లెక్కలోకి వస్తుంది, ఆరోపణ చెరిపేయడానికి రాదు.

ఫిర్యాదుదారుకి మొదటిరోజే చెప్పాల్సిన మాటొకటి ఉంది: ఈ కమిటీ డబ్బు ఇప్పించలేదు. సెక్షన్ 35(3) కింద కమిటీ చేయగలిగినవి నాలుగే. ఫిర్యాదు కొట్టేయడం, మందలించడం, కొంతకాలం సస్పెండ్ చేయడం, రోల్‌నుంచి పేరు తీసేయడం. సెక్షన్ 43 కింద విచారణ ఖర్చులు వేయొచ్చు, అంతే. సొమ్ము కోసం సివిల్ కోర్టుకి పోవాలి, మోసమైతే పోలీసులకి. వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పాక ఆ దారి కూడా లేదు. ఇది తెలియక ఏడాదంతా తిరిగి, చివర్లో ‘మరి నా డబ్బు?’ అని అడిగేవాళ్లను చూడటం కష్టంగా ఉంటుంది.

విచారణ తీరు మామూలుగా కాగితాలు, అఫిడవిట్ల మీదే. న్యాయం కోసం అవసరమనిపిస్తే మౌఖిక సాక్ష్యం, క్రాస్ అనుమతించాలి. అప్పుడు సివిల్ దావా పద్ధతి. వాస్తవం మీద గొడవున్న ప్రతి కేసులో క్రాస్ అనుమతించడమే మంచిదని నా ఉద్దేశం. ఆరోపణను క్రిమినల్ కేసుకు దగ్గరగా, సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలని సుప్రీంకోర్టు అంటోంది. క్రాస్ లేని అఫిడవిట్ ఆ బరువు మోయలేదు. ఫిర్యాదుదారు ఎక్కువసార్లు ఒంటరిగా వస్తారు, ఎదురుగా ముప్పై ఏళ్ల అనుభవమున్న వకీలు. మనం ఫిర్యాదుదారు తరఫు వకీళ్లం కాకూడదు. చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం మీద రాసిచ్చే తన సాక్ష్యం) అంటే ఏమిటి, ఒరిజినల్స్ ఎప్పుడు తేవాలి అన్నంతవరకు అందరికీ ఒకేలా చెప్పి, ఆ మాటలు డాకెట్‌లో రాయిస్తే పేచీ రాదు.

సెక్షన్ 42 కమిటీకి సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. సాక్షుల్ని పిలిపించవచ్చు, కోర్టులనుంచి, ఆఫీసులనుంచి రికార్డు తెప్పించవచ్చు, కమిషన్ వేయొచ్చు. ఈ అధికారాన్ని బ్యాంకు రికార్డు కోసం మొదటి నెలలోనే వాడాలి. పాత విత్‌డ్రాయల్ స్లిప్పులు బ్యాంకులు ఎల్లకాలం ఉంచవు. జడ్జిగారిని సాక్షిగా పిలవాలంటే మాత్రం హైకోర్టు ముందస్తు అనుమతి కావాలి, రెవెన్యూ కోర్టు అధికారికైతే ప్రభుత్వ అనుమతి. దాదాపు ఎప్పుడూ ఆ అవసరం రాదు, కేసు డాకెట్ సర్టిఫైడ్ కాపీ చాలు. ఫోన్ మెసేజ్‌లైతే స్క్రీన్‌షాట్ ప్రింట్లతో సరిపెట్టుకోకుండా, కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం, 2023) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడగాలి. దాంట్లో రెండు భాగాలుంటాయి, ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లది ఒకటి, నిపుణుడిది ఒకటి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువతో సహా. పల్లెనుంచి వచ్చిన మనిషికి ఇది భారమే. అందుకే ముందు వకీలును అడగాలి: ఈ మెసేజ్‌లు మీవేనా, కాదా? ఔనని ఒప్పుకుంటే సర్టిఫికెట్ గొడవే ఉండదు.

గడువు ఏడాది. సెక్షన్ 36బి ప్రకారం ఫిర్యాదు అందిన తేదీనుంచి ఏడాదిలో తేల్చకపోతే కేసు దానంతటదే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి బదిలీ అవుతుంది. లెక్క మొదలయ్యేది కౌన్సిల్ ఆఫీసులో ముద్ర పడ్డ రోజునుంచి. ఫైలు మన చేతికి వచ్చేసరికే కొన్ని నెలలు పోయి ఉంటాయి. అందులో సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు, దసరా, కోర్టు బహిష్కరణలు. వకీళ్ల ముందు వకీలు మీద నడిచే కేసైనా వాయిదాల అలవాటు పోదు. బదిలీ అయితే కర్నూలు జిల్లా రైతు ఢిల్లీలో నడిచే కేసు వెంట పడాలి. ఆయన పడడు, వకీలు కోరుకునేదీ అదే. 2021 డిసెంబరులో కె. అంజినప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ ఏడాది గడువు పాటించాలని గట్టిగా చెప్పింది. బదిలీ అయిన ఫైళ్ల కోసం అనుభవమున్న న్యాయవాదులను, రిటైరైన న్యాయాధికారులను విచారణ అధికారులుగా ప్యానెల్‌లో పెట్టుకోవచ్చని సూచించింది కూడా. కమిటీలో చోటు లేనివాళ్లు ఇటువైపు ఆలోచించవచ్చు. ఫైలు అట్ట మీద గడువు తేదీ ఎర్ర సిరాతో రాసి, అక్కడినుంచి వెనక్కి లెక్కేసి వాయిదాలివ్వడం నా పద్ధతి. చివరి రెండు నెలలు ఆర్డర్ రాయడానికే ఉంచాలి.

ఒక సభ్యుడు రాకపోయినా ఆ రోజు విచారణ జరపొచ్చు. తుది ఆర్డర్‌కి మాత్రం చైర్మన్, మిగతా ఇద్దరూ హాజరు కావాల్సిందే. ఇద్దరు కూర్చుని రాసి, మూడోవారి ఇంటికి సంతకానికి పంపే అలవాటు ప్రమాదం. ఒక్క ఆ కారణంతోనే అప్పీలులో ఆర్డర్ ఎగిరిపోగలదు. మెజారిటీ కుదరకపోతే అభిప్రాయాలతో ఫైలు బార్ కౌన్సిల్ చైర్మన్ ముందుకు వెళుతుంది.

ఆర్డర్‌లో ఆరోపణలు విడివిడిగా రాసి, ఒక్కోదానికి ఏ ఎగ్జిబిట్ (రుజువు కాగితం), ఏ సాక్షి, ఎందుకు నమ్మాం అన్నది చెప్పాలి. శిక్షకు వేరే పేరా. సక్సేనా కేసులోనే చూడండి, కింది కమిటీ వేసిన పద్దెనిమిది నెలల సస్పెన్షన్‌ను సుప్రీంకోర్టు మందలింపుకు తగ్గించింది. సస్పెన్షన్ ఎందుకు, ఎందుకింత కాలం అన్నది రాయకపోతే పైన తగ్గడం ఖాయం. అప్పీలుకు అరవై రోజులు, ముందు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి, ఆపైన సుప్రీంకోర్టుకి. సస్పెండైన వకీలు దేశంలో ఏ కోర్టులోనూ, ఏ అధికారి ముందూ ప్రాక్టీసు చేయకూడదు, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటారు. అందుకే ఆర్డర్ అమల్లోకి వచ్చే తేదీ విడిగా రాయడం మంచిది. ఆయన దగ్గర నడుస్తున్న కేసుల కక్షిదారులు కట్టలు తీసుకుని, ఎన్‌ఓసీతో (అభ్యంతరం లేదన్న కాగితంతో) వేరే వకాల్తా వేసుకోవడానికి కొన్ని రోజులు కావాలి.